పైకి నొక్కితే వెలిగే దీపం

పోయిన ఎండాకాలం నాందేడ్ నుంచి తమ్ముడు రాజు ఫోన్ చేశాడు. ఇంట్లో కరెంటు తీగలన్నీ మార్పిస్తున్నాడట. గోడల మీది పాత చెక్కపట్టీలు పీకేసి, గోడలు తొలిచి, లోపలి నుంచి కొత్త తీగలు లాగిస్తున్నాడట. ఎక్కడెక్కడ ప్లగ్గులు పెట్టిస్తున్నదీ, ఏ గదికి ఏ ఫ్యాను కొన్నదీ అంతా చెప్పి, చివర్న అసలు మాట బయటపెట్టాడు. "అక్కా, జీనా మీది బటన్ ఏం జేద్దాం? వైర్‌మన్ పీకేస్తనంటుండు. అమ్మనడుగుతే ఉలుకదు పలుకదు. నువ్వొక్కసారి అచ్చిపో." మా దగ్గర మేడమెట్లను జీనా అంటారు. ఒక బటన్ పీకడానికి నిజామాబాద్ నుంచి మనిషి పోవాలా అని మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ బటన్‌ను మా బాపు, అంటే నాన్న, బతికున్నంత కాలం ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆయన పోయాక వద్దనేవాళ్లు లేకపోయినా ఎవరూ ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

మా ఇల్లు పాత ఊళ్లో, గోదావరికి పోయే సందులో ఉంది. పెద్దలది కర్ఖేలి అనే పల్లె. బాపు మిల్లులో కొలువు దొరికి నాందేడ్ వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజారుకు పోతే దక్కనీ. ఏ మాట ఏ భాషదో తెలుసుకోకుండానే పెరిగాం. గోడ మీద గడియారం ఉండేది గాని దాన్ని నమ్మినవాళ్లు లేరు. మిల్లు కూతను భోంగా అనేవాళ్లం. భోంగా మోగితే లేవడం, మళ్లీ మోగితే బాపు డబ్బా పట్టుకుని బయల్దేరడం, సాయంత్రం మోగితే అమ్మ పెనం పొయ్యి మీద పెట్టడం. తెల్లవారుజామున నా ముక్కుకు తగిలే మొదటి వాసన మాత్రం పొయ్యిది కాదు, అత్తమ్మ మిశ్రీది. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి, పొడి చేసి, దాంతో పళ్లు తోముకునేది. ఆ పొగకి అమ్మ దగ్గేది, నేను తుమ్మేదాన్ని, బాపు ముసుగు తన్ని, "అక్కా, ఇల్లు లేపినవ్" అని గొణిగేవాడు. "లేపుడు కొరకేరా" అని ఆమె పెరట్లోంచి జవాబిచ్చేది.

అత్తమ్మ బాపుకు సొంత అక్క. వాళ్ల అమ్మ తొందరగా పోతే బాపును చంకనేసుకుని పెంచింది ఆమెనే. కుండల్‌వాడిలో ఇచ్చారు. పిల్లాపాపా కలగకముందే మొగుడు పోయాడు. అత్తవారింట్లో ఆమె బతుకు ఎట్లా ఉందో చూసిన బాపు, ఆమె పెట్టెను తలమీద పెట్టుకుని బస్సెక్కించి తీసుకొచ్చాడట. మాడీ మీది గది, అంటే మేడగది, ఆమెకిచ్చాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అప్పడాలు ఒత్తేటప్పుడు గాని, కారం దంచేటప్పుడు గాని నోరు ఊరుకునేది కాదు. నేను బళ్లోంచి వచ్చి మరాఠీ పద్యం అప్పగిస్తే, "మంచిగనే ఉంది బిడ్డా, మరి మన అక్షరాలు ఎవరు నేర్చుకోవాలె?" అని జీనా మెట్ల మీద కూర్చోబెట్టి సుద్దముక్కతో అ ఆలు రాయించేది. ఒక్కో మెట్టు మీద ఒక్కో అక్షరం. పొద్దున్నే అమ్మ ఊడ్చేస్తే సాయంత్రం మళ్లీ రాయాలి. ఈ రోజు నేను తెలుగులో నాలుగు ముక్కలు రాసి మీ ముందు పెట్టగలుగుతున్నానంటే అది ఆ మెట్ల చలవే.

ఆ జీనా రెండు గోడల నడుమ ఇరుకుగా ఎక్కి, సగంలో ఒక మలుపు తిరిగి మాడీలో తేలేది. కిటికీ లేదు. పట్టపగలు కూడా చీకటే. మలుపు దగ్గర ఒక బుగ్గ ఉండేది. బుగ్గ అంటే మాకు బల్బు. దాని బటన్ కింద తలుపు పక్కన ఉండడంతో, కింద నొక్కి పైకి పోయినవాళ్లు దాన్ని బంద్ చేయాలంటే మళ్లీ దిగాలి. అందుకని అత్తమ్మ చీకట్లోనే ఎక్కేది. ఒకసారి నీళ్ల బిందెతో మలుపులో జారి చేయి వాపు తెచ్చుకుంది. ఆ మర్నాడే బాపు ఖాదర్ భాయ్ అనే వైర్‌మన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. కింద ఒక బటన్, పైన ఒక బటన్, రెండింటితోనూ ఒకే బుగ్గ వెలిగేట్టు. మా సందులో అట్లాంటిది మొదటిది మా ఇంట్లోనే అని నేను బడంతా చెప్పుకుని తిరిగాను.

ఖాదర్ భాయ్ చెక్కపట్టీలు కొడుతుంటే అత్తమ్మ పై మెట్టు మీద కూర్చుని పోలీసులా ప్రశ్నలడిగింది. రెండు బటన్ల మధ్య రెండు తీగలు నడుస్తాయి, ఒక్కో బటన్ ఆ రెండింట్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉంటుంది అని ఆయన చూపించాడు. "దోనో ఏకీచ్ తార్ పకడే తో బత్తీ జల్తీ. ఏక్ ఇదర్, ఏక్ ఉదర్ హువే తో నై." రెండూ ఒకే తీగను పట్టుకుంటే వెలుగు, చెరొకటీ పట్టుకుంటే చీకటి, అంతే సంగతి. "మరి ఏ దిక్కు నొక్కుతే పెట్టినట్టు, ఏ దిక్కు నొక్కుతే తీసినట్టు?" అని ఆమె అడిగింది. "గట్ల ఉండదమ్మా ఇందుల. బటన్ జూస్తే తెల్వదు, బుగ్గను జూడాలె" అన్నాడు ఆయన తన తెలుగులో. అత్తమ్మకు నచ్చలేదు. "కింద ఒకలు పెట్టిన దీపాన్ని మీద ఇంకొకలు తీసుడేంది తమ్మీ? అది మంచిగుంటదా?" అంది బాపుతో. బాపు నవ్వి, "నువ్వు జారి పడకుంటే సాలక్కా" అన్నాడు. మొదట్లో పైబటన్ ఎప్పుడూ పైకే ఉండేది. అందువల్ల కింది బటన్ అందరి ఇళ్లలో లాగే కిందికి నొక్కితే వెలిగేది.

పొద్దుగూకగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, వెంటనే వచ్చి జీనా బుగ్గ వేసేది. బుగ్గ వెలగ్గానే ఎక్కడివాళ్లం అక్కడ చేతులు జోడించేవాళ్లం, నేనైతే నోట్లో ముద్ద పెట్టుకునే. దీపాన్ని ఆర్పు అనే మాట మా ఇంట్లో వినపడకూడదు. కొండెక్కించమనాలి, లేదంటే బంద్ చేయమనాలి. ఖాదర్ భాయ్ ఇంట్లో చిరాగ్ బఢావ్ అనేవారు, పెంచమని. పక్కింటి మరాఠీ కాకూ గాజు చిట్లితే వాఢలీ అనేది, పెరిగిందని. ఏ భాష వాళ్లకైనా పోవడాన్ని పోవడం అనడానికి నోరు రాదు కాబోలు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మొగుడు పోయిన ఆడమనిషి సందెదీపం ముట్టించకూడదు. ఎవరు పెట్టారో ఈ నియమం, వాళ్లు నాకు ఎదురుపడితే నాలుగు మాటలు అడగాలని ఇప్పటికీ ఉంది. పగలంతా ఆమె చేతి రొట్టె కావాలి, ఆమె చేతి అప్పడం కావాలి, దీపం దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి చెడ్డదైపోయేది. అత్తమ్మ మాత్రం ఆ నియమాన్ని ఒక్కనాడూ తప్పలేదు. అమ్మ సందెదీపం పెట్టాకే తన అవసరానికి పైబటన్ నొక్కేది, పని కాగానే మళ్లీ ఎట్లా ఉన్నదాన్ని అట్లా పెట్టేది.

ఒక్కసారి తప్పింది. రాజు కంటే ముందు నాకు ఇంకో తమ్ముడు పుట్టాడు. వాడికి పేరు పెట్టి ఎన్నాళ్లో కాలేదు, జ్వరం వచ్చింది. అమ్మ వాణ్ని ఒళ్లోంచి దించలేదు. చీకటి పడుతున్నా ఇంట్లో ఎవరికీ దీపం సంగతి తోచలేదు. "దీపాల యాళయిందే, ఇంట్ల బీమారి పిల్లగాడుంటే చీకటి పెట్టుకుంటరా?" అని అత్తమ్మ పైనుంచి పిలిచింది. ఎవరూ పలకలేదు. ఆమె పైబటన్ నొక్కింది. జీనా వెలిగింది. నేను చేతులు జోడించాను, ఆ సంగతి బాగా గుర్తుంది. తెల్లారగానే ఆమె బటన్‌ను ఎప్పటిలా పైకి పెట్టేసింది. మర్నాడు పొద్దున పిల్లవాడు పోయాడు. ఇంటి నిండా జనం. బాపు జీనా కింద నిలబడ్డాడు, పై మెట్టు మీద అత్తమ్మ నిలబడి ఉంది. ఆయన ఏడుపులోంచి ఆ మాట వచ్చింది. "నీ చేతుల సందెదీపం పెట్టి నా ఇంటి దీపం ఆర్పినవ్ గదనే అక్కా!" అమ్మ తల ఎత్తలేదు. అత్తమ్మ గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె ఆ బటన్ ముట్టలేదు. బాపు మాటలు రాని మనిషి. తప్పయిందక్కా అని ఒక్క ముక్క అంటే పోయేది, అది ఆయన నాలుక మీదికి రాలేదు. దానికి బదులు జామపండ్లు తెచ్చి మెట్ల మలుపులో పెట్టేవాడు, మంచి పొగాకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని తెచ్చేవాడు. "అక్కా, లైటు పెట్టుకో, జారుతవ్" అని కిందినుంచి అరిచేవాడు. "నాకు చీకట్ల అలవాటే తమ్మీ" అని పైనుంచి వచ్చేది. ఒకసారి ఆయన చేసిన పని నేను కళ్లారా చూశాను. ఆమె మెట్లెక్కుతుంటే కావాలని కింద బటన్ నొక్కి బుగ్గ తీసేశాడు. పైకి పోయాకైనా చూసి వేస్తుందని ఆశ. ఆమె గోడ పట్టుకుని చీకట్లోనే ఎక్కి తలుపు దగ్గరికి వేసుకుంది. బాపు బటన్ మీద వేలు పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రాజు పుట్టాక ఇల్లు మళ్లీ కాస్త నవ్వింది. అత్తమ్మ వాడికి నూనె రాసేది, జోకొట్టేది, నాకు గుణింతాలు దాటించి కథలు చదివించేది. పొద్దుగూకే ముందే మాడీ ఎక్కిపోయేది. సందెవేళ కింద మాత్రం కనిపించేది కాదు.

ఆమె పోయిన సాయంత్రం నేను ఇంట్లో లేను. బళ్లో గ్యాదరింగ్‌కు, అంటే వార్షికోత్సవానికి, పాటలు నేర్పుతుంటే ఉండిపోయాను. ఇంతలో ఊరంతా కరెంటు పోయింది. అది మాకు కొత్త కాదు. తడుముకుంటూ ఇల్లు చేరేసరికి సందు మొదట్లోనే బాపు గొంతు వినపడింది. మిల్లు నుంచి వచ్చి, అలవాటుగా జీనా బటన్ నొక్కాడట. వెలగలేదు. అటూ ఇటూ మళ్లీ నొక్కాడట. కరెంటు లేదని అప్పుడు గుర్తొచ్చి, కందీలు ముట్టించుకుని, అక్కా అని పిలిస్తే పలక్కపోవడంతో పైకెక్కాడు. అత్తమ్మ పై మెట్టు మీద, గోడకు చేరగిలబడి ఉంది. గుండె ఆగిందన్నారు. చెయ్యి ఒళ్లో ఉంది. తల పైన గోడకు పైబటన్. ఎన్నో ఏళ్లుగా పైకే ఉన్న ఆ బటన్ కిందికి నొక్కి ఉంది.

దానర్థం బాపుకు వెంటనే తెలిసింది, నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. అక్క బటన్ నొక్కింది. కరెంటు పోకముందు నొక్కినట్టయితే, అప్పటికి అమ్మ సందెదీపం పెట్టకపోయి ఉంటే, అక్క దీపం పెట్టింది. తమ్ముడు వచ్చే వేళకు ఆ పాత మాటను మరిచిపోయి దీపం పెట్టింది. అదే అమ్మ ముందే పెట్టి ఉంటే, అక్క దాన్ని తీసేసింది. నీ ఇంటి వెలుగు నాకొద్దని తీసేసింది. బటన్‌ను చూస్తే తెలియదు. కింది బటన్ ఏమైనా చెబుతుందా అంటే, దాన్ని బాపే చీకట్లో ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ తిప్పేశాడు. ఇక తెలిసింది అమ్మ ఒక్కదానికే. "ఆ పొద్దు నువ్వు సందెదీపం పెట్టినవా?" అని బాపు అడిగాడు. "యాదికి లేదు" అంది అమ్మ.

పైబటన్‌ను కదపొద్దన్నాడు బాపు. అది కిందికే ఉండిపోయింది కాబట్టి అప్పట్నుంచీ మా ఇంట్లో జీనా దీపం పైకి నొక్కితేనే వెలిగేది. వచ్చిన చుట్టాలు కిందికి నొక్కి, బుగ్గ పోయిందేమో అనేవారు. మేం ఏమీ చెప్పకుండా పైకి నొక్కేవాళ్లం. ప్రతి సందెకూ ఆ దీపం వెలిగినప్పుడు ఆమె వేలు ఇంకా పైన ఆ బటన్ మీదే ఉన్నట్టుండేది. నాకు భయం వేసేది కాదు గాని చేతులు జోడించడం చేతనయ్యేది కాదు. బాపు మాత్రం ఏళ్ల తరబడి అదే అడిగాడు. అన్నం తింటూ అడిగాడు, పండుగ పూట అడిగాడు, రాజు పెళ్లి పీటల మీంచి లేచి వస్తూ అడిగాడు. ఒక్కోసారి కోపంగా, ఒక్కోసారి చిన్నపిల్లవాడిలా. అమ్మ మాట మారలేదు. ఆసుపత్రిలో ఆయన ఆఖరి రోజుల్లో నేను అమ్మను వరండాలోకి తీసుకెళ్లి, "పెట్టలేదని చెప్పమ్మా, అబద్ధమైనా చెప్పు, ఆయన ప్రాణం నిమ్మళిస్తుంది" అని బతిమాలాను. అమ్మ నన్ను వింతగా చూసింది. లోపలికి వెళ్లి ఆయన కాళ్లు ఒత్తుతూ కూర్చుంది. చెప్పలేదు. బాపు తెలుసుకోకుండానే వెళ్లిపోయాడు.

నిజామాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్ మెట్లకు బటన్లే లేవు. మనిషి అడుగుపెడితే దీపం దానంతట అదే వెలుగుతుంది, దాటిపోగానే అదే పోతుంది. ఎవరి కోసం ఎవరూ వేయనక్కర్లేదు, ఎవరి మీద కోపంతో ఎవరూ తీయనక్కర్లేదు. సుఖమే. ఆ చీకట్లూ ఆ నియమాలూ మళ్లీ రావాలని నేనేమీ కోరుకోను, ఆ రోజుల్లో ఆడవాళ్లు పడ్డది చూసినదాన్ని. కాని ఇప్పుడు ఇంట్లో ఇద్దరు అలిగితే తలుపులు వేసుకుని ఫోన్లు చూసుకుంటారు. ఆ అక్కాతమ్ముళ్లు మాటలు లేకపోయినా ఒకే తీగ చెరో చివర ఎదురుచూస్తూ ఉన్నారు. ఏది మేలో నాకు తేల్చుకోవడం రాదు.

నేను వెళ్లేసరికి ఇల్లంతా సున్నపు దుమ్ము. రాజు వైర్‌మన్‌ను చాయ్ తాగి రమ్మని పంపేశాడు. అమ్మ జీనా కింద, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, కళ్లు మసకే గాని తెలివి చెక్కు చెదరలేదు. పక్కన కూర్చుని, "ఏం చేద్దామమ్మా బటన్‌ను?" అన్నాను. రాజు దగ్గర్లో లేడు కదా అన్నట్టు అటూ ఇటూ చూసింది.

"నేను ఆ పొద్దు దీపం పెట్టలే బిడ్డా. పొయ్యి కాడ ఉన్న. అచ్చి చూసేసరికి జీనాల వెలుగుంది."

"అయితే అత్తమ్మే పెట్టింది."

"ఆమెనే పెట్టింది. ఎందుకు పెట్టిందో. పొద్దుగూకిందని పెట్టిందో, పానం బాగలేక మమ్మల్ని పిలిచిందో."

"మరి బాపుకు ఈ మాట ఎందుకు చెప్పలేదు? అంత చిన్న మాట. ఆయన అంతగా అడుగుతుంటే!" నా గొంతు పెరిగింది. అమ్మ మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

"మీ బాపు ఆ మాట అన్నడని అందరు ఆయన్నే తిట్టిండ్రు" అంది అమ్మ. "నా కడుపుల గూడ అదే మాట ఉండె. ఆయన నోట్లకెల్లి అచ్చింది, నాకు రాలే, గంతే. ఆ పొద్దు ఆ వెలుగు చూసినంక నాకు నా కొడుకు యాదికచ్చిండు. వాడు పోయిన ముందటి పొద్దు గూడ గిట్లనే పెట్టింది. కింద ఇంకొక్కడు ఆడుకుంటుండె, రాజు. నాకు గుండెల దడ పుట్టింది. బటన్ నొక్కిన. ఆర్పేసిన."

బయట వైర్‌మన్ సైకిల్ ఆపిన చప్పుడైంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆమె మల్ల నొక్కుతదనుకున్న. ఈడనే నిలబడ్డ బిడ్డా, మీదికి చూసుకుంట. మల్ల నొక్కుతే ఇగ ఊకుందామనుకున్న, ఉండనీ అనుకున్న. చానాసేపు నిలబడ్డ. గంతల కరెంటు పోయింది."